పారేసిన పావు వంతు

"మనిషి కనపడకుండా పోయి నాలుగు రోజులైంది. మీరేమో వచ్చిన దగ్గర్నించీ చెత్తకుప్ప చుట్టూ తిరుగుతున్నారు" అంది అత్తగారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

"కుప్ప చుట్టూ కాదమ్మగారూ, గీతల చుట్టూ" అంది కూపీ మేడమ్, నేల మీదనుంచి చూపు తిప్పకుండా.

కూపీ మేడమ్ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసిన రోజుల్లో పోలీసులు వెటకారానికి తగిలించిన పేరు. ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాక ఆ వెటకారమే ఆమెకి నాలుగు మెతుకులు పెడుతోంది. యాభై దాటాయి. మోకాళ్ళు మొరాయిస్తాయి గానీ నోరు మాత్రం ఇంతవరకూ మొరాయించలేదు.

నిన్న అత్తగారు ఏజెన్సీ మెట్లెక్కి వచ్చి అడిగింది ఒక్కటే. "మా అల్లుడు బతికున్నాడో లేదో చెప్పండి. అంతకన్నా నాకేం అక్కర్లేదు." అడిగి, కుర్చీలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. కూపీ మేడమ్ ఏడ్చేవాళ్ళ కేసులు తీసుకోకూడదని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టడం కూడా ఆమెకి అలవాటే.

అల్లుడి ఉద్యోగం విచిత్రమైనది. ఊరు రోజూ పారేసే చెత్తలో ఏది ఎంత ఉందో తేల్చడం ఆయన పని. కూరగాయల తొక్కు ఎంత, కాగితం ఎంత, ప్లాస్టిక్ ఎంత, గాజు ఎంత, గుడ్డపీలికలు ఎంత. వార్డుల వంతున ఒక్కో లారీని ఈ షెడ్డుకి తెప్పించి, కుప్ప పోయించి, పారలతో బాగా కలిపించి, గుండ్రంగా పరిపించి, నాలుగు పావులు చేయిస్తాడు. ఎదురెదురుగా ఉన్న రెండు పావులు ఉంచి, మిగతా రెండూ తీసేస్తారు. ఉంచినదాన్ని చేతులతో ఏరి కాటా వేస్తారు. ఆ లెక్క తేలితేనే ఊరికి ఎరువు తయారుచేసే యార్డు కావాలో, చెత్తని కాల్చే ప్లాంటు కావాలో తెలుస్తుంది. ఆ ముచ్చట తేల్చే మీటింగు ఇవాళ సాయంత్రం నాలుగింటికి మునిసిపల్ ఆఫీసులో ఉంది. లెక్క చెప్పాల్సిన మనిషే లేడు.

పోలీసుల కథ సాఫీగా ఉంది. కాలవ వంతెన దగ్గర ఆయన స్కూటరు దొరికింది. రోడ్డు మీద రక్తం మరకలున్నాయి. కాబట్టి ఏదో బండి గుద్దింది, మనిషి కాలవలో పడ్డాడు, కొట్టుకుపోయాడు.

"ఇంజనీరు కదా అని పిల్లనిచ్చాం" అంది అత్తగారు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "తీరా చూస్తే చెత్త ఇంజనీరు. ఏడేళ్ళనించీ సణుగుతూనే ఉన్నాను, ఆ చొక్కాలు బయటే విప్పమని. ఇప్పుడు ఈ కంపుతోనే ఇంటికి రమ్మనండి మేడమ్, నోరెత్తితే ఒట్టు."

"మీ అమ్మాయి ఎలా ఉంది?"

"అది గుండె రాయి చేసుకుంది. కంట తడి పెట్టదు. వేళకి తింటోంది, పడుకుంటోంది. డిటెక్టివు గిటెక్టివు ఏమీ వద్దమ్మా అంటుంది. నేనే ఉండబట్టలేక మీ దగ్గరికి వచ్చాను."

కూపీ మేడమ్ ఒక్క క్షణం ఆమె వైపు చూసింది.

అంతలో మేస్త్రక్క వచ్చింది. షెడ్డులో చెత్త ఏరే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్ద. నలభై ఏళ్ళుంటాయి. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, మొహంలో ఏ భావమూ లేదు.

"మీ సారుని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అని అడిగింది కూపీ మేడమ్.

"ఆ రోజు సాయంత్రం, షెడ్డుకి తాళం వేసినప్పుడు."

"ఎటు వెళ్తున్నారో చెప్పారా?"

"లేదు మేడమ్."

"ఏ చొక్కా వేసుకున్నారు?"

"నీలం గళ్ళది."

"బాగా గుర్తుందే."

"రోజూ చూసే మనిషి. గుర్తుండదా?"

"మీతో ఎలా ఉంటారు?"

మేస్త్రక్క మొహంలో మొదటిసారి కొంచెం కదలిక వచ్చింది. "మంచోరు. కానీ ఛాదస్తం. సీసాకి మూత తియ్యకపోతే గొడవ, లేబులు పీకకపోతే గొడవ. మూత ఒక రకం ప్లాస్టిక్ అంట, సీసా ఇంకో రకం అంట. లోపల నీళ్ళు మిగిలితే కాటా అబద్ధం చెబుతుందంట."

"ఇంట్లోనూ అంతే" అంది అత్తగారు రుమాలు తీసి. "ఆ జబ్బు నాకూ అంటించాడు. మొన్న బస్సులో నీళ్ళు తాగి, మూతా లేబులూ వేరు చేసుకుంటూ కూర్చున్నాను. పక్కావిడ సీటు మారిపోయింది."

"పోయిన వారం లెక్కలు తేడాగా వచ్చాయని విన్నాను" అంది కూపీ మేడమ్.

"వచ్చాయి. కాగితం, ప్లాస్టిక్ ఉన్నట్టుండి పెరిగాయి. అదీ పొడిగా, శుభ్రంగా. మన లారీలో కాగితం తడవకుండా ఎట్లా వస్తుంది మేడమ్? పక్కనంతా తొక్కులేగా. ఎవరో దారిలో లారీ ఆపి కలుపుతున్నారని సారు పట్టుకున్నారు."

"కలిపితే ఎవరికి లాభం?"

"ప్లాంటు కట్టేవాళ్ళకి. మన ఊరి చెత్తలో సగం పైన తడి. అది అంటుకోదు. పొడి చెత్తే ఎక్కువని చూపిస్తే గానీ ప్లాంటు రాదు."

"సరే. మీరేమైనా నన్నడగాలా?"

"నేనేం అడగాలి?" అని మేస్త్రక్క తన పనిలోకి వెళ్ళిపోయింది.

కూపీ మేడమ్ అత్తగారిని గోడవారకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. "నిన్నట్నించీ నేను ఎంతమందితో మాట్లాడానో మీరే చూశారు. మీ ఇంటి పక్కవాళ్ళు, ఆయన ఆఫీసువాళ్ళు, ఆఖరికి మీ వీధి చివర మందుల షాపతను. నేను నోరు తెరిచేలోపే అందరూ ఒకటే ప్రశ్న. ఆయన దొరికారా అని. అవునా?"

"అవును."

"ఈ షెడ్డులో వాళ్ళు రోజంతా ఆయన పక్కనే నిలబడి పనిచేసేవాళ్ళు. ఇందాకట్నించీ ఒక్కరన్నా అడిగారా?"

అత్తగారు షెడ్డంతా కలయజూసింది. "అంటే వీళ్ళే ఏదో చేశారా?"

"వీళ్ళకి జవాబు తెలుసు. అది మంచి జవాబో చెడ్డ జవాబో నాకింకా తెలీదు. కంగారు పడకండి, ఇటు రండి."

సిమెంటు నేల మీద పెద్ద తెల్ల వలయం గీసి ఉంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు గీతలు దాన్ని నాలుగు పావులు చేస్తున్నాయి. ఎదురెదురు పావులు రెండింటికి పచ్చ రంగు వేసి ఉంది. ఆ రంగు వేయించింది అల్లుడే. ఏ పావు ఉంచాలో మనుషులు ఎంచుకోకూడదు, ఎంచుకుంటే కళ్ళు శుభ్రమైన వైపుకే పోతాయి, అందుకని ఎప్పుడైనా సరే పచ్చ పావులే ఉంచాలి, రంగు లేనివి గోడవైపు తోసెయ్యాలి. ఆ ముక్క గోడమీద అక్షరం అక్షరం అరచేయంత రాసి ఉంది.

కూపీ మేడమ్ వంగింది. మోకాలు కలుక్కుమంది. పచ్చ పావుల్లో ఒకటి ఏరేవాళ్ళ బల్లవైపు వెళ్ళింది, తడి చార అటే సాగి ఉంది. అది సరే. రెండో పచ్చ పావునుంచి చార సాగింది బల్లవైపు కాదు. గోడవైపు.

"ఉంచాల్సినదాన్ని తోసేశారు" అంది నెమ్మదిగా. "బదులు రంగు లేని పావు బల్లమీదికి ఎక్కించారు. ఇంత ఛాదస్తపు మనిషి దగ్గర ఇన్నాళ్ళు పనిచేసినవాళ్ళు ఈ పొరపాటు చెయ్యరు. చేశారంటే ఆ పావులో ఎవరికీ కనపడకూడనిది ఏదో ఉంది."

గోడవార కుప్ప మోకాలెత్తు ఉంది. మూలనున్న దంతె తీసుకుని ఆమె కెలకడం మొదలుపెట్టింది. బల్ల దగ్గర ఏరే చేతులు ఒక్కసారిగా ఆగాయి. మేస్త్రక్క ఇటు చూసి, మళ్ళీ తల దించుకుంది. తొక్కులు, కుళ్ళిన ఆకులు, బురదలా అయిన కాగితం, పగిలిన ప్లేటు. అన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దగా ఉన్నాయి. ఆ ముద్ద కింద నీలం సంచీ ఒకటి, బుద్ధిగా ముడి వేసి ఉంది.

విప్పితే లోపల ఒక చిన్న షెడ్డే ఉంది. తొక్కులు పాతపేపర్లో విడిగా చుట్టారు. మూడు సీసాలు, మూతల్లేవు, లేబుళ్ళు లేవు, గాలి పోయేలా నొక్కి ఉన్నాయి. మూతలు మూడూ వేరే కవర్లో. ఊరంతా ముద్దచేసి పారేస్తుంటే ఏ ఇంటివాళ్ళు ఇలా పారేస్తారు? ఈ షెడ్డులో పనిచేసేవాళ్ళ ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగని సంగతి. దాచాలనుకున్నవాళ్ళు అన్నీ దాచారు, చేతికి పట్టిన అలవాటుని దాచుకోలేకపోయారు.

సంచీ అడుగున ఎర్రదారం కట్టిన పొట్లం ఉంది. ఆసుపత్రి రకం చెత్త ఏదైనా కనపడితే ఎవరూ చెయ్యి పెట్టకుండా షెడ్డులో ఎర్రదారం కట్టి పక్కన పెడతారు. కూపీ మేడమ్ దారం తెంపింది. మొదట కత్తిరించిన గుడ్డ. నీలం గళ్ళ చొక్కా చెయ్యి. దానికున్న గుండీలు కూడా కోసేసి ఉన్నాయి.

అత్తగారు గోడ పట్టుకుంది. "అది నేను కొన్నదే" అంది.

"ఇంకొక్క నిమిషం గట్టిగా నిలబడండి. ఇది చూడండి. వద్దు, కళ్ళు మూసుకోకండి, చూడండి." చొక్కా గుడ్డ కింద కట్లు ఉన్నాయి, వరసగా మడిచి పెట్టినవి. మొదటిది రక్తంతో నల్లగా అట్టకట్టింది. రెండోది సగమే ఎర్రగా ఉంది. మూడో దాని మధ్యలో చిన్న మరక. నాలుగో దానిమీద రక్తం చుక్క లేదు, పసుప్పచ్చటి మందు మాత్రమే ఉంది.

"అర్థమైందా?"

అత్తగారు తల అడ్డంగా ఊపింది.

"శవానికి ఎవరూ రోజూ కట్టు మార్చరమ్మగారూ. గాయం మానుతోంది. నిన్నటి దాకా మానుతూనే ఉంది."

అత్తగారు ఆ నాలుగో కట్టు వంక చూస్తూ ఉండిపోయింది. రుమాలు ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలీదు.

బయట జీపు ఆగిన చప్పుడైంది. కూపీ మేడమ్ పొట్లాన్ని గబుక్కున చుట్టి అత్తగారి హ్యాండ్‌బ్యాగులో కుక్కేసింది. మామూలు రోజైతే అత్తగారు ఆ బ్యాగుని అక్కడికక్కడే తగలబెట్టేది. ఇప్పుడు రెండు చేతులతో పొట్టకి హత్తుకుంది.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. ఆయనకీ కూపీ మేడమ్‌కీ ఇన్సూరెన్సు రోజుల నుంచీ పడదు. రెండుసార్లు ఆమె తేల్చిన కేసులకి ఆయన సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది.

"మేడమ్‌గారు చెత్తలో కూడా కూపీ లాగుతున్నారన్నమాట" అన్నాడు.

"మీరు కాలవలో లాగుతున్నారుగా. నాకు మిగిలింది ఇదే."

"షెడ్డు సీలు చేస్తున్నాం. అందరూ బయటికి నడవండి. ఈ కుప్పలన్నీ ట్రాక్టరెక్కించి పంపెయ్యమని ఆర్డరు."

"ఎవరిది?"

"చెత్త లెక్కల స్కీము చూసే స్పెషల్ ఆఫీసరుగారిది. పొద్దున్నే ఫోన్ చేశారు. మనిషే పోయాక ఈ లెక్కలెందుకు? గజ ఈతగాళ్ళు దిగారు. సాయంత్రానికి బాడీ తేలుతుంది."

అత్తగారు నోరు తెరిచింది. కూపీ మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది.

"కన్నతల్లిలాంటి మనిషి ముందు మాట్లాడే మాటేనా ఇన్‌స్పెక్టరుగారూ అది? సరే, ఒక్కటి చెప్పండి. స్కూటరు ముందు చక్రం వంకరపోయింది, హెడ్‌లైటు పగిలింది. మీ రిపోర్టులోనే ఉంది. అది ఎలా దొరికింది? పడిపోయి ఉందా, నిలబడి ఉందా?"

"నిలబడే ఉంది."

"ఎలా నిలబడింది?"

"స్టాండు వేసి ఉంది."

"ఏదో గుద్దితే మనిషి ఎగిరి కాలవలో పడ్డాడు. బండేమో లేచి, ఒళ్ళు దులుపుకుని, రోడ్డు పక్కకి జరిగి, తనంతట తనే స్టాండు వేసుకుంది. అంతేనా?"

ఇన్‌స్పెక్టరు చెంపలు ఎర్రబడ్డాయి. "దారినపోయేవాడు ఎవడో లేపి పెట్టుంటాడు."

"బండిని లేపినవాడు మనిషి కోసం చూడడా? కేక వెయ్యడా? మీకు కబురు చెయ్యడా? ఆ ఎవడో ఎవడని మీరు వెతికారా?"

"నా కేసు నాకు నేర్పకండి. వంతెన పక్క ఇళ్ళన్నీ నేనే తిరిగాను. ఎవరూ ఏమీ చూడలేదు. మీకు తెలిసింది ఏమైనా ఉంటే చెప్పండి, లేకపోతే దారివ్వండి."

"కేసు మూసేస్తున్నారా?"

ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మూసెయ్యమంటున్నారు. నేనింకా మూయలేదు" అని, కానిస్టేబుళ్ళ మీద అరవడానికి అటు తిరిగాడు.

ఏరేవాళ్ళందరినీ బయటికి పంపేశారు. మేస్త్రక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. కూపీ మేడమ్ పక్కన నిలబడి తనూ చేతులు కడుక్కుంది.

"ఇవాళ వచ్చింది రైలుకట్ట వార్డు లారీ. బోర్డు మీద రాసి ఉంది. రైలుకట్ట దగ్గర మీవాళ్ళెవరు?"

మేస్త్రక్క చేతులు ఇంకా గట్టిగా రుద్దుకుంది.

"ఆ సంచీ మీ వాళ్ళది. కుప్ప పరిచాక మీకు కనపడింది, పచ్చ పావులో. గోడవైపు తోయించారు. ఇది నేను కాకుండా ఇంకెవరైనా చూసుంటే?"

"నాకేం తెలీదు మేడమ్."

కూపీ మేడమ్ ఇంకో మాట అనేలోపే అత్తగారు ముందుకొచ్చింది. మేస్త్రక్క తడి చేతులు రెండూ పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతానమ్మా. ఆయన నీ దగ్గరుంటే నీ దగ్గరే ఉంచుకో. ఇంటికి పంపమని అడగను. ఒక్కసారి కళ్ళతో చూసి వెళ్ళిపోతాను."

మేస్త్రక్క కూపీ మేడమ్ వంక చూసింది. ఆ తర్వాత తనవాళ్ళ వంక చూసింది. గేటు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు, ఎవరూ ఇళ్ళకి కదల్లేదు.

"నడవండి" అంది చివరికి. "గట్టిగా మాట్లాడకండి."

రైలుకట్ట వెంట సన్నటి వీధిలో రెండంతస్తుల ఇల్లు అది. మేస్త్రక్క సొంత అక్కది. బయటి గోడకి ఆనుకుని ఇరుకు మెట్లు, మెట్ల పైన ఒకే ఒక్క గది. గదిలో కిటికీ పక్క మంచం, మంచం మీద అల్లుడు. నుదుటికి ప్లాస్టరు, కుడికాలికి రెండు చెక్కలు పెట్టి కట్టిన కట్టు. ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. తలెత్తి అత్తగారిని చూసి లేవబోయాడు.

"కదిలావంటే ఊరుకోను" అంది అత్తగారు గుమ్మంలోనుంచే. ఏడేళ్ళలో అల్లుణ్ణి ఆమె 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "బతికున్నానని ఒక్క కబురు పంపడానికి నీకు చేతులు రాలేదా? పంపితే నీ సొమ్మేం పోయేది? అక్కడ నా కూతురు ఏమైపోతుందోనని నేను..."

"కబురు పంపాను అత్తయ్యా. ఆ రాత్రే. మీ అమ్మాయికి."

అత్తగారు మంచం అంచున కూర్చుండిపోయింది. కంట తడి పెట్టని కూతురు, వేళకి తినే కూతురు, డిటెక్టివు వద్దన్న కూతురు ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

"నాకు చెప్పొద్దన్నది ఎవరు? నువ్వా, అదా?"

"ఇద్దరం."

"ఎందుకు?"

అల్లుడు ఇబ్బందిగా మేస్త్రక్క వైపు చూశాడు. "మీ నోట్లో నువ్వుగింజ నానదని కాదు అత్తయ్యా..."

"అదే. అదే అనుకున్నారు మీరిద్దరూ."

"స్పెషల్ ఆఫీసరుగారు మీకు రోజూ ఫోన్ చేస్తారు కదా. మీకు తెలిస్తే ఆయనకి తెలిసినట్టే."

"చేస్తే? ఎంత మర్యాదస్తుడు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఏమైనా తెలిసిందా అమ్మా అని అడుగుతాడు. ఈ మేడమ్ నంబరు ఇచ్చింది కూడా ఆయనే."

కూపీ మేడమ్ గిరుక్కున ఆమె వైపు తిరిగింది. "నా నంబరు ఆయనిచ్చారా? నాకెందుకు చెప్పలేదు?"

"మీరడగలేదుగా."

నిజమే, అడగలేదు. ఏడుస్తూ వచ్చిన మనిషిని ఎవరు పంపారని అడగబుద్ధి కాలేదు. కూపీ మేడమ్ పళ్ళు నూరుకుంది.

అల్లుడు చెప్పాడు. పొడి చెత్త ఎక్కడ కలుపుతున్నారో కనిపెట్టి ఆ సాయంత్రం స్పెషల్ ఆఫీసరుకి ఫోన్ చేశాడు. ఆఫీసులో వద్దు, వంతెన దగ్గరికి రా, అక్కడ మాట్లాడుకుందాం అన్నాడాయన. ఆయన ప్లాంటువాళ్ళ మనిషని తెలీక అల్లుడు వెళ్ళాడు. లైట్లు వెయ్యని లారీ ఒకటి ఎదురొచ్చింది. "నేనక్కడికి వస్తానని ఆయనొక్కడికే తెలుసు. మన షెడ్డువాళ్ళందరూ కాలవగట్టు మీదుగా ఇళ్ళకి వెళ్తూ నన్ను చూశారు. మోసుకొచ్చారు. బండి రోడ్డుకి అడ్డంగా ఉందని పక్కకి తీసి స్టాండు కూడా వేశారంట. నాలుగింటికి మీటింగులో ఉన్నపళాన కనపడితే, అందరి ముందూ లెక్క చెప్పేస్తే, ఆ తర్వాత ఆయన ఏమీ చెయ్యలేడు. అప్పటిదాకా నేను పోయాననుకుంటేనే మంచిదనుకున్నాం."

"బ్రహ్మాండమైన ప్లాను" అంది కూపీ మేడమ్. "ఆయనకి మాత్రం మీరు పోయారని నమ్మకం కుదరలేదు. అందుకే నన్ను పెట్టించాడు. నేనేమో గొప్పగా కనిపెట్టి, తిన్నగా మీ మంచం దాకా దారి చూపించాను."

అత్తగారి బ్యాగులో ఫోన్ మోగింది. ఆమె తీసి చూసి, ఏమీ మాట్లాడకుండా అందరికీ చూపించింది. ఆయనే.

"ఎత్తకండి" అన్నాడు అల్లుడు.

"ఎత్తకపోతే అనుమానం" అంది కూపీ మేడమ్. "ఎత్తితే..." అని ఆగిపోయింది. ఈ మనిషి నోటి మీద ఒక ప్రాణం పెట్టాలా వద్దా అని ఆమెకి తోచలేదు.

అత్తగారే తేల్చేసింది. స్పీకరు నొక్కి, అల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, ఏమైనా తెలిసిందా?" ఆ గొంతు నిజంగానే మర్యాదగా ఉంది.

"ఇంకేం తెలుస్తుంది బాబూ" అంది అత్తగారు. ఆ గొంతు విని కూపీ మేడమే ఉలిక్కిపడింది, అది నాలుగు రోజుల ఏడుపు గొంతు. "చొక్కా చెయ్యి దొరికింది, అంతా రక్తం. నేనే కొన్న చొక్కా. ఇంక ఆశ లేదు బాబూ. నా కూతురు గతేంటి? దానికి నేనేమని చెప్పను?" కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. అల్లుడి వేళ్ళు నొప్పి పుట్టేలా నొక్కుతోంది.

"ధైర్యంగా ఉండండమ్మా. అవునూ, రైలుకట్ట వీధిలో ఏం పని మీకు? మా డ్రైవరు మిమ్మల్ని చూశాడట. అక్కడే ఉండండి, వాణ్ణి పైకి పంపిస్తున్నా. ఇంట్లో దిగబెడతాడు."

ఫోన్ పెట్టేశాడు.

కూపీ మేడమ్ తన ఫోన్ తీసింది. నంబరు నొక్కే ముందు ఒక్కటే ఆలోచించుకుంది. అమ్ముడుపోయినవాడు వాదించడు, సరే మేడమ్ అని నవ్వి పని కానిచ్చేస్తాడు. ఆ ఇన్‌స్పెక్టరు ఉడుక్కున్నాడు, వాదించాడు, మూయలేదన్నాడు.

"ఇన్‌స్పెక్టరుగారూ, స్టాండు వేసినవాళ్ళు దొరికారు. మీ మనిషీ దొరికాడు. కాలు విరిగింది, మిగతా అంతా బాగానే ఉన్నాడు. ఎవరు గుద్దించారో కూడా ఆయనే చెబుతాడు. మీకు ఆర్డరిచ్చిన ఆఫీసరే."

అవతలనుంచి ఒక్క మాటే. "ఎక్కడ?"

చెప్పింది.

"జీపు ఆ పక్కనే ఉంది. తలుపు తియ్యకండి" అన్నాడు ఆయన. జీపు స్టార్టయిన చప్పుడు ఫోన్లోనే వినపడింది.

కింద కారు తలుపు పడింది. బరువైన బూట్లు మెట్లవైపు వస్తున్నాయి. మేస్త్రక్క గడియ పెట్టబోతుంటే అత్తగారు ఆమెని పక్కకి జరిపి, తలుపు తీసి బయటికి వెళ్ళిపోయింది. కూపీ మేడమ్ కంగారుగా వెనకే పరిగెత్తి, గుమ్మంలోనే ఆగిపోయింది.

మెట్లమీద కాలు పెట్టే చోటు లేదు. షెడ్డునుంచి పంపేసిన ఆడవాళ్ళందరూ వెనకాలే వచ్చి, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా కూర్చుని ఉన్నారు. చేతుల్లో రబ్బరు తొడుగులు, మొహాల్లో ఏ భావమూ లేదు. కింద నిలబడ్డ లావుపాటి మనిషి "జరగండి" అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

అత్తగారు పై మెట్టు మీద, చెత్త వాసన కొట్టే ఇద్దరి మధ్య, ఇరుక్కుని కూర్చుంది.

"బాబూ డ్రైవరూ" అంది, ఊరంతా వినపడే గొంతుతో. "మీ ఆఫీసరుగారు రోజూ అడుగుతున్నారు పాపం, మా అల్లుడు దొరికాడా అని. దొరికాడని చెప్పు. నాలుగింటికి మీటింగుకి తీసుకొస్తున్నానని కూడా చెప్పు."

వీధి చివర జీపు హారను మోగింది. డ్రైవరు అటు చూసి, ఇటు చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.